పథ్యం పేరిట పస్తు: క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత గాయం మానాలంటే

గుంటూరు కొత్తపేటలో గానీ విజయవాడ సూర్యారావుపేటలో గానీ ఏ ఆసుపత్రి డిశ్చార్జి కౌంటరు దగ్గర కాసేపు నిలబడినా ఒక ప్రశ్న తప్పక వినిపిస్తుంది: "పథ్యం ఏం పెట్టాలండీ?" మళ్ళీ ఎప్పుడు రావాలి, కుట్లు ఎప్పుడు విప్పుతారు అన్నవాటి కంటే ముందే ఈ ప్రశ్న వస్తుంది. "అన్నీ పెట్టొచ్చమ్మా" అని జవాబు వస్తే అడిగినవారికి తృప్తి కలగదు. డాక్టరు పట్టించుకోకుండా చెప్పినట్టు తోస్తుంది. మాచర్ల వెళ్ళే కారు నరసరావుపేట దాటకముందే ఇంటి పెద్దావిడ ఫోన్లో అసలు జాబితా చదివేస్తుంది. కందిపప్పు వద్దు, వంకాయ వద్దు, గోంగూర వద్దు, గుమ్మడికాయ పేరే ఎత్తవద్దు, గుడ్డు వేడి, చేప పడదు, పులుపు తగిలితే కుట్లు ఆరవు. అన్నీ తీసేయగా మిగిలేవి బీరకాయ, పొట్లకాయ, చారు, ఇడ్లీ, బ్రెడ్డు.

హెర్నియాకో అపెండిక్స్‌కో ఆపరేషన్ జరిగిన ఆరోగ్యవంతుడు పది రోజులు ఇలా తిన్నా పెద్దగా నష్టపోడు. ఒంట్లో ఉన్న నిల్వలతో నెట్టుకొస్తాడు. క్యాన్సర్ రోగి సంగతి వేరు. ఆపరేషన్ బల్ల ఎక్కేనాటికే చాలామంది ఆ నిల్వల్లో కొంత పోగొట్టుకుని ఉంటారు. గాయం ఎంత త్వరగా మానుతుందన్నదాని మీదే తర్వాతి రేడియేషన్, కీమోథెరపీల ముహూర్తం ఆధారపడి ఉంటుంది. మంచి ఉద్దేశంతో, ప్రేమతో, భయంతో పెట్టే ఈ పథ్యం సరిగ్గా గాయానికి కావలసిన సరుకునే విస్తరిలోంచి తీసేస్తుందన్నది ఇక్కడి వాదం. భయం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోకుండా దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేస్తే ఎవరూ వినరు కాబట్టి, ముందు గాయం సంగతీ ఆ తర్వాత భయం సంగతీ చూడాలి.

కత్తి పడిన కొద్ది నిమిషాల్లోనే రక్తం గడ్డకట్టి చీలికను మూస్తుంది. తర్వాతి మూడు నాలుగు రోజులూ తెల్ల రక్తకణాలు అక్కడికి చేరి, చచ్చిన కణజాలాన్నీ సూక్ష్మజీవులనూ ఏరివేస్తాయి. గాయం చుట్టూ కనిపించే కొద్దిపాటి వాపు, ఎరుపు, వెచ్చదనం ఆ పని తాలూకువే. నాలుగో రోజు నుంచి సుమారు మూడో వారం దాకా ఫైబ్రోబ్లాస్టులనే కణాలు కొల్లాజెన్ అనే ప్రోటీన్‌ను పోగులు పోగులుగా అల్లుతాయి. ఆపైన నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైగా, ఆ అల్లిక సర్దుకుంటూ గట్టిపడుతుంది. మూడో వారానికి గాయం మచ్చకు ఉండే బిగువు మామూలు చర్మపు బిగువులో ఐదో వంతు మాత్రమే. మూడు నెలలకు మహా అయితే 80 శాతానికి చేరుతుంది, అంతకు మించి సాధారణంగా పెరగదు. కుట్లు విప్పిన రోజున పైకి ఆరిపోయినట్టు కనిపించే గాయం, లోపల మాత్రం మంగళగిరి మగ్గం మీద ఇంకా సగం కూడా నేయని చీర లాంటిది. నూలు అందకపోతే నేత ఆగిపోతుంది.

ఆ నూలు ప్రోటీన్. ఆరోగ్యంగా ఉన్న భారతీయులకు రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ చాలునని భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన ప్రమాణాలు చెబుతాయి. క్యాన్సర్ రోగులకూ పెద్ద శస్త్రచికిత్స జరిగినవారికీ ఇది చాలదు. ఐరోపా పోషకాహార వైద్య సంఘం మార్గదర్శకాల ప్రకారం కిలోకు ఒక గ్రాముకు తగ్గకుండా, వీలైతే 1.5 గ్రాముల దాకా ప్రోటీన్, 25 నుంచి 30 కేలరీల శక్తి అందాలి. శక్తి చాలకపోతే తిన్న కొద్దిపాటి ప్రోటీన్‌నూ శరీరం పొయ్యిలో కట్టెలా వాడేసుకుంటుంది కాబట్టి రెండూ కలిసి రావాలి. మూత్రంలో పోయే నత్రజనిని కొలిచి వైద్యులు ఈ నష్టాన్ని అంచనా వేస్తారు: ఒక గ్రాము నత్రజని పోయిందంటే 6.25 గ్రాముల ప్రోటీన్, అంటే సుమారు 30 గ్రాముల కండ కరిగిపోయినట్టు. రోజుకు పది గ్రాముల నత్రజని లోటు పడే రోగి వారం తిరిగేసరికి రెండు కిలోల కండ కోల్పోతాడు. "ఆపరేషన్ తర్వాత మనిషి చిక్కిపోయాడు" అని చూడవచ్చినవారు అనే మాటకు అర్థం ఇదే. చిక్కిన కండల్లో ఊపిరి తీసే కండరాలూ, దగ్గి కఫం బయటికి నెట్టే కండరాలూ ఉంటాయన్నది మాత్రం వారికి కనిపించదు.

ఇక పులుపు మాట. కొల్లాజెన్ పోగు మూడు పేటల తాడు. ఆ పేటలు విడిపోకుండా నిలవాలంటే అందులోని ప్రోలిన్, లైసిన్ అనే అమైనో ఆమ్లాలకు ఒక చిన్న రసాయనపు ముడి పడాలి; ఆ ముడి వేసే ఎంజైములకు విటమిన్ సి తప్పనిసరి. అది అందనప్పుడు ఏం జరుగుతుందో 18వ శతాబ్దపు నావికుల కథ చెబుతుంది. 1740లో బ్రిటన్ నుంచి బయలుదేరిన జార్జ్ ఆన్సన్ నౌకాదళంలో స్కర్వీ ప్రబలినప్పుడు, 1690 నాటి బోయిన్ యుద్ధంలో గాయపడిన ఒక వృద్ధ నావికుడి ఒంటి మీద, యాభై ఏళ్ళ కిందట మానిన గాయాలు మళ్ళీ తెరుచుకున్నాయి. మానిన మచ్చలో కూడా కొల్లాజెన్ నిత్యం కరుగుతూ, కొత్తది తయారవుతూ ఉంటుంది. తయారీ ఆగితే మిగిలేది కరగడమే. కాబట్టి నిమ్మకాయ, ఉసిరి, జామ, టమాటా మానిపించి గాయం ఆరాలని ఎదురుచూడటం తలకిందుల వ్యవహారం. నారింజ కంటే జామలో మూడు నాలుగు రెట్లు ఎక్కువ విటమిన్ సి ఉంటుంది.

అసలు చీముకూ పప్పుకూ ముడి ఎక్కడ పడింది? చీము అంటే సూక్ష్మజీవులతో పోరాడి చచ్చిన తెల్ల కణాల ముద్ద. సూక్ష్మజీవులు లేకుండా పప్పు తిన్నందుకు చీము పుట్టదు. అయినా ఈ నమ్మకం తరతరాలుగా నిలిచిందంటే దాని వెనుక కంటికి కనిపించే అనుభవం ఏదో ఉండి తీరాలి. ఉంది కూడా. ఆపరేషన్ సమయంలోనో ఆ తర్వాతి రోజుల్లోనో గాయంలో చేరిన సూక్ష్మజీవులు వెంటనే బయటపడవు. శస్త్రచికిత్స గాయపు ఇన్ఫెక్షన్ సాధారణంగా ఐదో రోజుకూ పదో రోజుకూ మధ్య తల ఎత్తుతుంది. నెల లోపల ఎప్పుడు వచ్చినా దాన్ని ఆపరేషన్ ఖాతాలోనే వేస్తారు. రోగి ఇంటికి చేరేదీ, సెలైన్లూ బ్రెడ్డూ అయిపోయి ఇంటి అన్నం మొదలుపెట్టేదీ సరిగ్గా ఆ రోజుల్లోనే. ఆరో రోజు మధ్యాహ్నం ముద్దపప్పు తిన్నాడు, ఏడో రోజు ఉదయం కట్టు తడిసింది. చూసినవారికి కారణం కళ్ళెదుటే ఉంది. సూక్ష్మజీవి కనిపించదు, పప్పు కనిపిస్తుంది. యాంటీబయాటిక్స్ లేని కాలంలో ప్రతి ఊళ్ళోనూ ఇలాంటి కాకతాళీయాలు ఎన్నో జరిగి, ఒక్కో కూర మీదా ఒక్కో నింద పడి, జాబితా పెరుగుతూ వచ్చి ఉంటుంది. పప్పు తిన్నా చీము పట్టని పదిమందిని ఎవరూ గుర్తుపెట్టుకోరు.

ఈ జాబితాకు మరో మూలం బాలింత పథ్యం. పురుడు పోసుకున్న స్త్రీకి కాయం తినిపించడం, వెల్లుల్లి కారంతో అన్నం పెట్టడం, నీళ్ళు తగ్గించడం కృష్ణా, గుంటూరు జిల్లాల్లో తెలిసినవే. ఆ నియమాలనే కొద్ది మార్పులతో ఆపరేషన్ రోగికీ వర్తింపజేస్తారు. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ జరిగిన స్త్రీకి చంక కింద అమర్చిన డ్రెయిన్ డబ్బాలో రోజూ ఎర్రటి, ఆపైన పసుపు రంగు ద్రవం చేరుతుంటే "నీరు పడుతోంది, మంచినీళ్ళు తగ్గించండి" అనే సలహా అక్కడి నుంచి వచ్చినదే. ఆ ద్రవం తాగిన నీరు కాదు. చంకలోని లింఫ్ గ్రంథులు తీసినప్పుడు తెగిన సన్నని నాళాల నుంచీ, చర్మం లేపిన చోటి నుంచీ ఊరే ద్రవం. అందులో ప్రోటీన్ ఉంటుంది. నీళ్ళు మానేస్తే డ్రెయిన్ ఆగదు, మలబద్ధకం మొదలవుతుంది. విజయవాడ మే నెల ఎండలో అయితే అంతకన్నా పెద్ద ప్రమాదమే వస్తుంది.

పథ్యంలో అంతా తప్పేనని మాత్రం అనలేము. పాత బియ్యపు మెత్తటి అన్నం, నూనె తక్కువ కూరలు, బయటి తిండి వద్దనడం, నిల్వ ఉన్నవి పెట్టకపోవడం మంచి అలవాట్లే. మేక కాళ్ళ సూపు ఆకలి పుట్టిస్తుంది, ఉప్పూ నీరూ అందిస్తుంది. కాకపోతే అది బలమైన ప్రోటీన్ అని నమ్మి గుడ్డు మానిపిస్తేనే చిక్కు. ఎముకల నుంచి వచ్చే జెలటిన్‌లో ట్రిప్టోఫాన్ అనే అత్యవసర అమైనో ఆమ్లం లేనే లేదు. దాని ఒక్కదాని మీద ఆధారపడి శరీరం కండ కట్టలేదు.

ఒక రోజు విస్తరిని లెక్క వేస్తే తేడా కనిపిస్తుంది. 50 కిలోల బరువున్న రోగి అనుకుంటే, రోజుకు 50 నుంచి 75 గ్రాముల ప్రోటీన్, 1250 నుంచి 1500 కేలరీలు కావాలి. ఉదయం కారప్పొడితో మూడు ఇడ్లీలు తింటే ఆరు గ్రాములు. కాఫీలో పడే పాల వల్ల మూడు. మధ్యాహ్నం రెండు కప్పుల అన్నం, బీరకాయ కూర, చారు కలిపి ఏడెనిమిది. సాయంత్రం టీతో రెండు బ్రెడ్డు ముక్కలకు ఐదు. రాత్రి కాస్త అన్నం, పల్చటి మజ్జిగ కలిపి ఐదు లేదా ఆరు. మొత్తం 30 గ్రాములు దాటదు, కేలరీలు 1100 దగ్గర ఆగిపోతాయి. అదీ రోగి పెట్టినదంతా తింటేనే. ఆపరేషన్ తర్వాతి వారంలో పెట్టినదంతా తినే రోగి అరుదు. అంటే 75 గ్రాముల లక్ష్యంలో సగానికి తక్కువ.

ఇదే విస్తరి నుంచి ఏమీ తీయకుండా, రెండు ఉడికించిన గుడ్లు కలిపితే 12 గ్రాములు, రెండు పూటలా 30 గ్రాముల చొప్పున పెసరపప్పో కందిపప్పో మెత్తగా ఉడికించి పెడితే 14, ఒక గ్లాసు పాలలో రెండు చెంచాల పాలపొడి కలిపి ఇస్తే పది, మజ్జిగ బదులు ఒక గిన్నె గట్టి పెరుగుకు ఐదు చేరతాయి. లెక్క 70 చుట్టూ తేలుతుంది. రెండు చేప ముక్కలో, వంద గ్రాముల కోడి మాంసమో తినగలిగితే ఇంకా సులువు. గుడ్డు తినని ఇళ్ళలో 30 గ్రాముల మీల్ మేకర్ దాదాపు 15 గ్రాముల ప్రోటీన్ ఇస్తుంది; వేయించిన శనగపప్పు పొడి, పల్లీలు, పనీరు ఉండనే ఉన్నాయి. దేశంలో గుడ్ల ఉత్పత్తిలోనూ చేపల ఉత్పత్తిలోనూ ముందు వరుసలో నిలిచే రాష్ట్రంలో, గాయం మానవలసిన మనిషికే ఆ రెండూ నిషిద్ధం కావడం వింతగా ఉంటుంది. మందుల షాపులో కొనే ఒక ప్రోటీన్ డబ్బా ధరకు చాలాసార్లు నెలకు సరిపడా గుడ్లు వస్తాయి. పొడి పనికిరానిదని కాదు. నమలలేనివారికీ, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోయేవారికీ అది నిజంగా అక్కరకొస్తుంది. అయితే డబ్బా వెనుక రాసిన అంకె చూడాలి. వంద గ్రాములకు ఎన్ని గ్రాముల ప్రోటీన్ ఉందో చదివితే, బలవర్ధకమని పేరుపడ్డ మాల్టు పొడుల్లో చాలావాటిలో ఎక్కువ భాగం చక్కెర, పిండి పదార్థమేనని తెలుస్తుంది.

తిండి తగ్గినా సెలైన్ ఎక్కుతోంది కదా అన్న ధీమా మరొకటి. 5 శాతం డెక్స్‌ట్రోజ్ అర లీటరు సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర. అంటే వంద కేలరీలు కూడా కాదు, రెండు ఇడ్లీల పాటి. ప్రోటీన్ సున్నా. ఉప్పు సెలైన్‌లో అయితే కేలరీలూ సున్నానే. నాలుగు రోజులు సెలైన్ల మీదే ఉన్న రోగి నాలుగు రోజులు పస్తున్నట్టే లెక్క. అల్బుమిన్ సీసాల వ్యవహారమూ ఇలాంటిదే. రక్తంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ తగ్గిందని తెలియగానే ఖరీదైన సీసాలు ఎక్కించమని అడిగే బంధువులుంటారు. అల్బుమిన్ తగ్గడానికి పోషణ లోపం ఒక్కటే కారణం కాదు. ఇన్ఫెక్షన్, ఒంట్లోని మంట (ఇన్‌ఫ్లమేషన్), కాలేయ సమస్య, రక్తస్రావం అన్నీ దాన్ని దించుతాయి. ఆపరేషన్ ముందు అది డెసిలీటరుకు 3 గ్రాముల కన్నా తక్కువ ఉంటే ప్రమాదం ఎక్కువని సర్జన్లు జాగ్రత్తపడతారు, అది నిజం. దాన్ని ప్రమాద సూచికగా తీసుకోవాలి గానీ తిండికి కొలబద్దగా కాదు. సీసా ఎక్కిస్తే రిపోర్టులో అంకె పెరుగుతుంది, గాయానికి అందే నూలు పెరగదు.

ఈ ప్రాంతంలో పోషణ లెక్క అన్నిటికంటే ఎక్కువగా తప్పేది నోటి క్యాన్సర్ రోగుల విషయంలో. పొగాకు బోర్డు 1976లో ఏర్పడినప్పటి నుంచీ గుంటూరులోనే ఉంది. పొగాకు ఇక్కడి పంట, ఇక్కడి వ్యాపారం, ఇక్కడి అలవాటు. బుగ్గ లోపలో నాలుక మీదో గడ్డ తీసి, తొడ నుంచో ఛాతీ నుంచో కండ తెచ్చి అతికిన తర్వాత, ఆ అతుకు మానేదాకా నోటితో తిననివ్వరు. ముక్కు నుంచి పొట్టలోకి వెళ్ళే రైల్స్ ట్యూబు ద్వారానే అన్నీ. ఇది ఒక వారం నుంచి కొన్ని వారాల దాకా సాగవచ్చు. ట్యూబులో ఏం పోస్తున్నారో చూస్తే, కొబ్బరి నీళ్ళు, పల్చటి మజ్జిగ, కాఫీ, బార్లీ నీళ్ళు, గ్లాసుకు రెండు చెంచాల పిండి వేసి వడకట్టిన రాగి జావ. గ్లాసుడు కొబ్బరి నీళ్ళలో 40 కేలరీలు ఉంటే గొప్ప. అలాంటి జావలోనూ అంతకు మించి ఉండదు. రెండు గంటలకోసారి రోజంతా శ్రద్ధగా పోసిన ఇల్లాలికి రోగి చిక్కిపోతున్నాడెందుకో అర్థం కాదు.

జావ చిక్కగా చేస్తే ట్యూబులో దిగదు, పల్చగా చేస్తే సత్తువ ఉండదు. ఈ చిక్కుముడికి పాత వంటింటి విద్యలోనే ఒక జవాబుంది. రాగులను నానబెట్టి, మొలకలు రానిచ్చి, ఎండబెట్టి, దోరగా వేయించి విసిరిన పిండిలో అమైలేజ్ అనే ఎంజైమ్ పుడుతుంది. అది పిండి పదార్థపు పొడవాటి గొలుసులను తుంచేస్తుంది కాబట్టి జావ గట్టిపడదు. అదే గ్లాసులో మామూలు పిండి కంటే ఎంతో ఎక్కువ మొలకల పిండి పట్టి కూడా ట్యూబులో జారిపోయేంత పల్చగా ఉంటుంది. దాన్ని నీళ్ళలో కాక పాలలో కాచి, మెత్తగా ఉడికిన పెసరపప్పు కలిపి, చెంచాడు నూనె వేసి, మిక్సీ పట్టి, పల్చటి గుడ్డలో వడకడితే ఒక్కో గ్లాసులో 200 నుంచి 250 కేలరీలు, ఎనిమిది నుంచి పది గ్రాముల ప్రోటీన్ చేరతాయి. గుడ్డు కలపాలంటే ఉడికించి మిక్సీ వేయాలి. పచ్చిగుడ్డు పోయడం విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవిని పిలవడమే. రోగిని వాల్చి కూర్చోబెట్టి, పోసే ముందూ తర్వాతా కాస్త మంచినీళ్ళతో గొట్టం కడగాలి; పోసిన అరగంట దాకా పడుకోనివ్వకూడదు. పొద్దున చేసిన జావ మధ్యాహ్నం దాకా బయట ఉంటే ఇక్కడి ఎండకు పులుస్తుంది. ఆ పులిసినది తెచ్చే విరేచనాలకు నింద పాల మీద పడుతుంది, ఆ మర్నాటి నుంచి పాలూ బందవుతాయి.

నోటి క్యాన్సర్‌లో ఈ వారాలకు ఇంత విలువ ఎందుకంటే, రేడియేషన్ అవసరమైన రోగికి దాన్ని ఆపరేషన్ జరిగిన ఆరు వారాల లోపు మొదలుపెట్టాలన్నది అందరూ అంగీకరించిన నియమం. మెడ మీద గాయం విచ్చుకుని లాలాజలం కారే రంధ్రం పడితే ఆ గడువు దాటిపోతుంది. మిగిలి ఉన్న క్యాన్సర్ కణాలు గడువు కోసం ఆగవు. పెద్దపేగు క్యాన్సర్‌లోనూ అంతే, కీమోథెరపీ ఎనిమిది వారాల లోపు మొదలైతే మంచిది. కాబట్టి మానని గాయం కేవలం గాయం సమస్యగా మిగలదు, క్యాన్సర్ తిరిగి రావడానికి సందు ఇస్తుంది.

కొన్ని ఆపరేషన్లకు సొంత నియమాలుంటాయి. జీర్ణాశయం మొత్తం తీసేసినవారు మూడు పూటల భోజనం మరచిపోయి, ఆరేడు సార్లు కొద్దికొద్దిగా తినాలి. తీపి పానీయం గటగటా తాగితే పేగులోకి ఒక్కసారిగా దిగి, చెమటలు పట్టి, గుండె దడదడలాడి, కళ్ళు తిరుగుతాయి. వీరికి బి12 విటమిన్ ఇంజక్షన్లు జీవితాంతం అవసరమవుతాయి, ఎందుకంటే దాన్ని పేగు పీల్చుకోవడానికి కావలసిన పదార్థం జీర్ణాశయంలోనే తయారవుతుంది. క్లోమం కొంత తీసినవారికి మలం జిడ్డుగా పోతుంటే ఎంజైమ్ క్యాప్సూళ్ళు భోజనంతో పాటే మింగాలి, తర్వాత కాదు. పేగు అతికినవారికి గ్యాస్ పోయేదాకా ఏమీ పెట్టకూడదన్న పాత పద్ధతిని ఇప్పుడు చాలాచోట్ల వదిలేశారు. డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెహ్లెట్ 1990లలో మొదలుపెట్టిన త్వరిత కోలుకోలు విధానం తర్వాత, సర్జన్ వద్దననంత వరకు, ఆపరేషన్ జరిగిన గంటల్లోనే గుక్కెడు ద్రవాలతో మొదలుపెట్టడం మామూలైంది.

షుగర్ ఉన్నవారి విషయంలో రెండు తప్పులూ జరుగుతాయి. ఒక ఇంట్లో నీరసమని పళ్ళ రసాలూ గ్లూకోజు నీళ్ళూ పోస్తారు, ఇంకో ఇంట్లో అన్నం పూర్తిగా మాన్పించి రెండు పుల్కాల మీద పెడతారు. రక్తంలో చక్కెర పెరిగితే తెల్ల కణాలు సూక్ష్మజీవులను సరిగ్గా పట్టలేవు, గాయం చీము పట్టే ముప్పు పెరుగుతుంది. ఆసుపత్రిలో ఉన్నంత కాలం దాన్ని 140 నుంచి 180 మధ్య ఉంచాలని వైద్యులు చూస్తారు. దానికి మార్గం ఇన్సులిన్ సర్దుబాటు, రోగిని పస్తు పెట్టడం కాదు.

"బలమైన తిండి పెడితే గడ్డకే బలం" అన్న మాట కూడా ఈ మధ్య వాట్సాప్ పుణ్యమా అని బాగా వినిపిస్తోంది. తిండి మానేస్తే గడ్డ మాడదు; అది రోగి కండను కరిగించుకుని తన వాటా తాను తీసుకుంటుంది. క్యాన్సర్ రోగికి పోషణ ఇచ్చినందువల్ల వ్యాధి ముదిరి నష్టం జరిగిందని చూపే ఆధారం వైద్యశాస్త్రంలో లేదు. అదే సమయంలో, తిండి ఒక్కటే అన్నీ సరిచేస్తుందనడం కూడా అతిశయోక్తి. ముదిరిన క్యాన్సర్ శరీరమంతటా రగిలించే మంట వల్ల ఆకలి చస్తుంది, తిన్నది కండ పట్టదు. అలాంటివారికి ఎంత పెట్టినా కరిగిన కండ పూర్తిగా తిరిగి రాదు. పొగ మానడం కూడా తిండి చేయలేని పనే. నికోటిన్ సన్నని రక్తనాళాలను బిగబడుతుంది కాబట్టి అతికిన చర్మానికి రక్తం చాలదు. ఆపరేషన్‌కు నాలుగు వారాల ముందు మానేసినవారికి గాయం చిక్కులు తగ్గుతాయి. జింకు బిళ్ళలు కూడా లోపం ఉన్నవారికే ఉపయోగం. ఎక్కువ మోతాదులో నెలల తరబడి వేసుకుంటే ఒంట్లో రాగి తగ్గిపోయి కొత్త రోగం తెచ్చుకున్నట్టవుతుంది.

నిజానికి పోషణ గురించి మాట్లాడవలసిన రోజు డిశ్చార్జి రోజు కాదు, బయాప్సీ రిపోర్టు వచ్చిన రోజు. 1936లో హైరమ్ స్టడ్లీ అనే క్లీవ్‌లాండ్ సర్జన్ జీర్ణాశయపు పుండ్లకు ఆపరేషన్ చేయించుకున్నవారి లెక్కలు చూశారు. అది క్యాన్సర్ కాకపోయినా పాఠం ఒకటే. ఆపరేషన్‌కు ముందే ఐదో వంతు కంటే ఎక్కువ బరువు కోల్పోయినవారిలో మూడో వంతు మంది చనిపోయారు. మిగిలినవారిలో చనిపోయినవారు 3.5 శాతమే. ఆరు నెలల్లో పదో వంతుకు పైగా బరువు తగ్గి బాగా నీరసించిన రోగికి, క్యాన్సర్ అయినా సరే, ఆపరేషన్‌ను ఏడు నుంచి పద్నాలుగు రోజులు వాయిదా వేసి పోషణ ఇవ్వడం మంచిదని నేటి మార్గదర్శకాలు సలహా ఇస్తాయి. గడ్డ ఉందని తెలిసిన కుటుంబానికి రెండు వారాలు ఆగడం కష్టమే. అయినా అన్నవాహిక మూసుకుపోయి నెల రోజులుగా నీళ్ళ మీదున్న మనిషిని మర్నాడే బల్ల ఎక్కించడం కంటే ఆ ఆలస్యం మేలు. అలాంటివారికి ఒక్కసారిగా ఎక్కువ తిండి ఎక్కించడమూ ప్రమాదమే. పస్తు నుంచి తేరుకునే శరీరంలో ఫాస్ఫేటు, పొటాషియం హఠాత్తుగా పడిపోయి గుండె లయ తప్పవచ్చు కాబట్టి థయమిన్ (విటమిన్ బి1) ఇచ్చి, రక్త పరీక్షలు చూసుకుంటూ మెల్లగా పెంచుతారు.

ఆపరేషన్ ముందు రాత్రి పన్నెండు నుంచి చుక్క నీరు ముట్టకూడదన్న ఆనవాయితీ కూడా మారింది. పేగు కదలిక సక్రమంగా ఉన్నవారు ఘనాహారం ఆరు గంటల ముందు వరకు, మంచినీళ్ళ లాంటి తేట ద్రవాలు రెండు గంటల ముందు వరకు తీసుకోవచ్చని మత్తు వైద్యుల సంఘాలు ఎప్పుడో అంగీకరించాయి. అయినా జాబితాలో నాలుగో పేరున్న రోగి మధ్యాహ్నం మూడు దాకా గొంతు తడుపుకోకుండా స్ట్రెచర్ మీద ఎదురుచూడటం ఇంకా కనిపిస్తూనే ఉంది. "లంఖణం పరమౌషధం" అన్న సామెత ఆపరేషన్ రోగి కోసం పుట్టినది కాదు. దాన్ని ఆపరేషన్ థియేటరు దాకా మోసుకొచ్చినవారిలో ఆసుపత్రులూ ఉన్నాయి, ఒక్క ఇంటి పెద్దల మీదే నింద వేయలేము.

ఆసుపత్రులు మార్చుకోవలసింది ఇంకొకటి ఉంది. "అన్నీ పెట్టొచ్చు" అన్న మాటను ఇంట్లో ఎవరూ జవాబుగా లెక్కపెట్టరు. జాబితాకు జాబితాయే జవాబు. మందుల చీటీ మీద మాత్రల పేర్ల కంటే పైన, తెలుగులో, రోజుకు రెండు గుడ్లు, రెండు పూటలా గట్టి పప్పు, రెండు గ్లాసుల పాలు, ఒక జామకాయ అని డాక్టరు చేత్తో రాసి సంతకం పెడితే దానికి మందు హోదా వస్తుంది. వారానికోసారి ఒకే తూకం మీద బరువు చూసి చీటీ వెనుక రాయమంటే తగ్గుదల రెండో వారంలోనే తెలుస్తుంది. గాయం చుట్టూ ఎరుపు పాకుతున్నా, జ్వరం తగిలినా, కట్టులోంచి దుర్వాసన వచ్చినా నిన్నటి కూర ఏమిటని వెతక్కుండా వెంటనే రమ్మని ఆ చీటీ మీదే ఉండాలి. ఈ మాటలు చెప్పవలసింది మంచం మీదున్న రోగికీ పక్కనున్న కొడుక్కీ మాత్రమే కాదు. వంటింటి మీద అధికారం వారి చేతిలో ఉండదు. డిశ్చార్జి రోజున ఆ కొడుకు చేతే ఊళ్ళోని పెద్దావిడకు ఫోన్ చేయించి, స్పీకరు పెట్టించి, డైటీషియన్ రెండు నిమిషాలు ఆవిడతో మాట్లాడితే, ఆ కారు నరసరావుపేట దాటేలోపు వినిపించే జాబితా మారుతుంది.